పిల్లను పిలిచి అడిగేవాళ్ళు

మా మేనకోడలి పెళ్ళి సంబంధం తేల్చే పని నా నెత్తిన పడిన రోజుల్లోనే నేనొక జులు నవల వింటూ ఉన్నాను. ఆ భాషలో పలకరింపు తప్ప నాకు మరో ముక్క రాదు కాబట్టి నేను చదవటం కుదరదు. చదివి చెప్పేది మా స్కూల్లో నాలుగో తరగతికి ఇంగ్లీషు పాఠాలు చెప్పే టీచర్. దక్షిణాఫ్రికాలో తూర్పు వైపు కొండల మధ్య ఊరు ఆమెది, జులు ఆమె ఇంటి భాష. నేను అదే స్కూలు లైబ్రరీలో పని చేస్తాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్ళయి, పిల్లలు పుట్టాక మా ఆయన వెనకాల దోహాకు వచ్చాను.

సంబంధం సంగతి ముందు చెబుతాను. ఒక సాయంత్రం మా అన్న ఫోన్ చేశాడు.

"పిల్లకు సంబంధం వచ్చింది. పిల్లగాడు దుబాయ్‌ల ఉంటడు. నువ్వు గూడ ఆడనే ఉన్నవు గదా, ఒకసారి చూసి చెప్పు."

"అన్నా, నేనున్నది ఖతర్. దుబాయ్ వేరే దేశం."

"అదేనే, దుబాయ్."

ఇన్నేళ్ళలో ఈ మాట మీద మా అన్నతో నేను గెలిచింది లేదు. అదృష్టం కొద్దీ ఆ అబ్బాయి నిజంగానే ఖతర్‌లో ఉన్నాడు. దోహా బయట బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. మా వైపు ఇదొక ఆనవాయితీ అయిపోయింది. పిల్లవాడు గల్ఫ్‌లో ఉంటే, పిల్ల తరఫున గల్ఫ్‌లో ఎవరున్నారో వెతుకుతారు. వాళ్ళు చూసి "మంచోడే" అన్నారంటే సగం పెళ్ళి అయిపోయినట్టే. అతను సెలవు మీద ఊరికి వెళ్ళగానే ముహూర్తం పెట్టుకోవటం మిగులుతుంది. మా అన్న ఆ మిగతా సగం కూడా ఉంచలేదు. "నువ్వు ఊ అంటె ఖాయం చేస్కుంటం. మేనత్తవు, నీకంటె మంచిగ ఎవలు చూస్తరు," అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. పుట్టింట్లో తన మాటకు ఇంకా విలువ ఉందంటే ఏ ఆడదానికి చేదు?

అబ్బాయికి అప్పట్లో శుక్రవారాలు కూడా డ్యూటీ పడుతోంది. నెల తిరిగాక ఒక శుక్రవారం ఖాళీ దొరుకుతుందన్నాడు, ఆ రోజు మా ఇంటికి భోజనానికి రమ్మన్నాం. ఆ నెల రోజులూ నేను విన్నది ఈ నవలే.

అసలు ఈ కథల వ్యవహారం అంతకు చాలా ముందే మొదలైంది, మా టీచర్ నవ్వు వల్ల. మధ్యాహ్నం పిల్లల బస్సులు వెళ్ళిపోయాక, స్టాఫ్ బస్సు వచ్చేదాకా మాకు గంటకు పైనే ఖాళీ. బయట నిలబడగలిగే ఎండ కాదు. ఆమె లైబ్రరీలో చల్లగా ఓ మూల కూర్చుని, సంచిలోంచి అట్ట నలిగిన పుస్తకం తీసుకునేది. ఒకరోజు గట్టిగా నవ్వింది. లైబ్రరీలో ఎవరు నవ్వినా వెళ్ళి కళ్ళెర్రజేయటం నాకు అలవాటు. గదిలో మేమిద్దరమే ఉన్నామని తెలిసి కూడా వెళ్ళాను. వెళ్ళాక కోప్పడలేక, ఏముంది అందులో అని అడిగాను. మా ఇద్దరి మధ్య నడిచింది ఇంగ్లీషే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఒకడు వానలు మొదలైనప్పటి నుంచి ఏటి దారిలో నిలబడి ఒక పిల్లను బతిమాలుతున్నాడు. రోజుకో కొత్త పొగడ్త. ఆమె ఒక్క మాటా అనదు. ఇవాళ మొదటిసారి జవాబిచ్చింది."

"ఏమని?"

"పక్కకు జరుగు, కుండ బరువుగా ఉంది, అని."

నాకూ నవ్వొచ్చింది. మర్నాడు ఆ పిల్ల ఇంకేమందో తెలుసుకోవాలని ఆమె కంటే ముందే వెళ్ళి కూర్చున్నాను. అలా అలవాటైపోయింది. ఆమె ఒక పేజీ పైకి జులులో చదివి, తర్వాత నాకు చెప్పేది. అర్థం కాకపోయినా ముందు ఆ భాషలో వినిపించమని నేనే పట్టుబట్టేదాన్ని. మధ్యమధ్యలో నాలుకతో టక్కుమనిపించే శబ్దాలు వస్తాయి. మా ఊళ్ళో ఎద్దుల్ని అదిలించేటప్పుడు అలాంటి చప్పుళ్ళే చేస్తారు. వాటితో ప్రేమ కబుర్లు కూడా చెప్పొచ్చని నాకప్పటిదాకా తెలియదు.

ఆ కథల్లో వెంటపడటం మగవాడి వంతు, ఎంచుకోవటం ఆడపిల్ల వంతు. వాడు ఎంత మాటకారి అయినా సరే, నెలల తరబడి దారిలో నిలబడాల్సిందే. ఊళ్ళో పెళ్ళీడు దాకా వచ్చిన అక్కలు చిన్నపిల్లలకు కాపలా కాస్తారు, ఆ అక్కల్ని దాటి ఎవడూ రాలేడు. పిల్ల మనసు కుదిరితే తెల్ల పూసలు గుచ్చి పంపుతుంది. అవి అందగానే వాడి ఇంటి ముందు గుంజకు తెల్ల గుడ్డ కడతారు. ఫలానా ఇంటి కుర్రాణ్ణి ఒక పిల్ల ఒప్పుకుందని ఊరందరికీ తెలుస్తుంది. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మా ఊళ్ళో ఒక పిల్ల ఒకణ్ణి మెచ్చిందని తెలిస్తే తలుపులు వేసుకుని తిట్టుకుంటారు, వీళ్ళు జెండా ఎగరేస్తారు.

పెళ్ళికి ఆవులు ఇచ్చుకోవాల్సింది మగపెళ్ళివారేనని విన్న రోజు మరీ మురిసిపోయాను. అప్పుడామె పుస్తకం మూసేసింది. నన్ను ఆమె "సిసి" అంటుంది, వాళ్ళ భాషలో అక్కాచెల్లెళ్ళను పిలిచే పిలుపు.

"అంత సంబరపడకు సిసి. మా కథల్లో సగం ఏడుపు ఆ ఆవుల దగ్గరే మొదలవుతుంది. ఇన్ని ఆవులు ఇచ్చి తెచ్చుకున్నాం అని అత్తవారు అంటారు. ఆవులు తీసుకున్నాం, ఇక తిరిగి రాకు అని పుట్టింటివారు అంటారు. మధ్యలో ఉన్నదానికి కొమ్ములు కూడా ఉండవు."

ఆమెలో నాకు నచ్చేది ఇదే. తన వాళ్ళ గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే ఊరుకోదు, నాలాగా మరీ ఎక్కువ చేసి మాట్లాడినా ఊరుకోదు. పాత నవలల్ని ఆమె వెక్కిరించేది కూడా. పట్నం పోయిన పిల్ల చెడిపోతుంది, ఊళ్ళో తలవంచుకుని ఉన్న పిల్ల సుఖపడుతుంది, ఇదీ వాటి వరస. "రాసినవాళ్ళలో చాలామంది నాలాంటి పంతుళ్ళే. కథ చివర బెత్తం పట్టుకుని నిలబడతారు," అనేది. అయినా ఆ పుస్తకాలే సూట్‌కేసులో మోసుకొచ్చింది. ఎందుకంటే రాసినవాడు ఎంత బెదిరించినా ఆ ఆడవాళ్ళు వాడి చేతికి చిక్కరు. శిక్ష పడేలోగా మనకు నచ్చేస్తారు. పట్నం రైలెక్కిన ఒక పిల్ల, కిటికీలోంచి ఊరు కనిపించకుండా పోయాక చెప్పులు తొడుక్కుని కాలు మీద కాలు వేసుకుంటుంది. ఆమె తర్వాత పడ్డ కష్టాలు నేను మర్చిపోయాను, ఆ కాలు మీద కాలు గుర్తుంది.

కోడళ్ళ కథలు ఇంకా బాగుంటాయి. జులు కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆ పేరును పోలిన మాటలు కూడా నోట రాకూడదు. ఇది నాకు వింతేం కాదు. మా అమ్మ మా నాన్న పేరు పలికేది కాదు. రేషన్ షాపులో భర్త పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. ఒక కథలో కొత్త కోడలి మామగారి పేరు నీళ్ళు అనే మాటను పోలి ఉంటుంది. రోజుకు వందసార్లు అవసరపడే మాట. ఆమె గింజుకోలేదు, నీళ్ళకు తనే ఒక కొత్త పేరు పెట్టుకుంది. ఆమె పిల్లలు ఆ పేరే నేర్చుకున్నారు, తోటికోడళ్ళ పిల్లలూ నేర్చుకున్నారు. మామగారు ముసలివాడై మంచాన పడ్డాక, దాహమేసి ఆ కోడలి మాటతోనే నీళ్ళడుగుతాడు. ఇంతే కథ. నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెబితే, "అంటే ఆయన పేరు ఆయన పలకడా?" అన్నాడు. మగవాళ్ళకు కథలు చెప్పటం దండగ.

ఒక విధవరాలి కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు, నాలోనే దాచుకున్నాను. ఏడాది పాటు నల్లబట్టలు కట్టిన ఆమె దగ్గరికి, అన్న భార్య ఇక నాదేనంటూ మరిది వస్తాడు. ఆచారం అతని వైపే ఉంది. ఆమె అరవలేదు, ఏడవలేదు. మర్యాదగా లోపలికి పిలిచి, ఇంటివాడు కూర్చునే చోట కాకుండా దారిన పోయే పరాయివాళ్ళను కూర్చోబెట్టే చోట చాప వేసి, అతిథులకు పెట్టే గిన్నెలో అన్నం పెట్టింది. అతను తిని, నోరెత్తకుండా లేచి వెళ్ళిపోయాడు. అన్నం పెట్టి మరీ వెళ్ళగొట్టిన ఆ మనిషి మీద నాకెంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఇక నెల రోజులు విన్న పెద్ద నవల. రాసింది ఒక ఆడమనిషి, ఈ మధ్య కాలంలోనే. అందులో ఒక పిల్లకు తండ్రి సంబంధం చూస్తాడు. చూసేది తండ్రి అయినా నడిపేదంతా తండ్రి చెల్లెలు. మేనత్తను వాళ్ళ భాషలో పిలిచే మాటకు అర్థం ఆడ తండ్రి అట. అది విన్నప్పుడు నేను కాస్త నిటారుగా కూర్చున్నానని మా టీచర్ తర్వాత ఎగతాళి చేసింది. ఆ మేనత్త తెలివైనది, మాట పదునైనది, ఎక్కడికి వెళ్ళినా నలుగురూ లేచి చోటిస్తారు. చుట్టాలందరి పెళ్ళిళ్ళూ ఆమె చేతుల మీదుగా నడిచినవే. మొదటి సగం నవల నేను ఆమె పక్షమే.

మాట్లాడుకునే రోజు వస్తుంది. వాళ్ళలో పెళ్ళికొడుకు రాడు, రాకూడదు. అతని తరఫు పెద్దలు తెల్లవారగానే వచ్చి వాకిలి బయట నిలబడి, ఆడపెళ్ళివారి వంశాన్ని పొగుడుతూ గొంతెత్తి పిలవాలి. లోపలివాళ్ళు విననట్టే ఉంటారు. ఎండెక్కాక ఎప్పటికో రానిస్తారు. పిల్ల వెనకవైపు గుడిసెలో ఆడవాళ్ళ మధ్య భుజాల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. ఆవుల మాట మొదలెట్టే ముందు ఒక తంతు ఉంది. పిల్లను బయటికి పిలిచి, వచ్చినవాళ్ళను చూపించి, "వీళ్ళు నీకు తెలుసా?" అని అడుగుతారు. తెలుసు అంటేనే మాటలు ముందుకు వెళతాయి. ఎప్పుడూ ఏ పిల్లయినా తెలుసనే అంటుంది, అందరూ తలూపుతారు.

ఈ పిల్ల వచ్చింది. దుప్పటి సర్దుకుంది. వచ్చినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"వీళ్ళు నాకు తెలియదు. మా అత్తకు తెలుసు. వచ్చింది ఆమె కోసమేమో అడగండి," అంది.

నేను చప్పట్లు కొట్టాను. ఖాళీ లైబ్రరీలో, నా వయసు మర్చిపోయి. తర్వాతి పేజీల్లో పెద్ద గొడవ అవుతుంది. వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోతారు, తండ్రి వారం పాటు కూతురి చేతి అన్నం ముట్టడు. కానీ నవల అయిపోయేసరికి ఆ పిల్లకు శిక్షా పడదు, ఎక్కడినుంచో గొప్పవాడు వచ్చి చేయీ పట్టుకోడు. మామూలుగా వాళ్ళమ్మ పక్కన కూర్చుని జొన్నలు చెరుగుతూ ఉంటుంది. రాసినామె అక్కడ ఆపేసింది. అది గురువారం. శుక్రవారం మా ఇంటికి అబ్బాయి వస్తున్నాడు. మా పెళ్ళిచూపులు ఎలా ఉంటాయో చూడాలని ఉందంటే మా టీచర్‌ను కూడా పిలిచాను.

మేముండేది ఫరీజ్ బిన్ మహమూద్‌లో, కింద మంగలి షాపు ఉన్న పాత బిల్డింగులో. ఆ రోజు బగారన్నం, మటన్ చేశాను. అబ్బాయి రెండు బస్సులు మారి, చెమటలు కక్కుతూ వచ్చాడు. కొత్త చొక్కా మీద ప్యాకెట్ మడతలు అలాగే ఉన్నాయి. చేతిలో ఖర్జూరాల డబ్బా. నన్ను "అక్కా" అన్నాడు. వరస ప్రకారం తప్పే, వయసు ప్రకారం నాకు బాగానే అనిపించింది. మా టీచర్ నా చెవిలో, "పెళ్ళికొడుకే స్వయంగా వచ్చేశాడా?" అంది. ఆమెకు అదే పెద్ద వింత.

మా ఆయన కంపెనీ గురించి, క్యాంపు గురించి అడిగాడు. నేను అడగాల్సినవి నేను అడిగాను.

"తాగుడున్నదా?"

"ఊరికి పోయినప్పుడు దోస్తులతోని తాగుత అక్కా. లేదంటె అబద్ధమైతది."

"మా పిల్ల ల్యాబుల నౌకరి చేస్తది. పెండ్లైనంక ఎట్ల?"

"చేస్కోనియ్యి అక్కా. నేను ఈడుంట. ఆమె ఒక్కతే ఇంట్ల కూసోని ఏం జేస్తది?"

తిన్నాక తన పళ్ళెం తనే వంటింట్లోకి తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి చేస్తే ఒట్టు. వెళ్ళేటప్పుడు మా టీచర్‌కు కూడా వంగి నమస్కారం పెట్టాడు. తలుపు వేసిన మరుక్షణం నేను ఫోన్ తీశాను, అన్నకు ఊ అని చెప్పేయటానికి.

"నాకూ నచ్చాడు," అంది మా టీచర్. "పిల్ల ఏమంది?"

"ఏ పిల్ల?"

"పెళ్ళికూతురు."

"ఆమె ఇండియాలో ఉంది. ఆమె ఏమంటుంది? పిల్లవాడు మంచివాడు, నేను చూశాను కదా."

ఆమె నా చేతిలోని ఫోన్ వైపు చూస్తూ టీ తాగింది. ఆ చూపుకు నాకు ఒళ్ళు మండింది. నవలలు వేరు, బతుకులు వేరు, మా ఇళ్ళలో పద్ధతులు నీకు తెలియవు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె విని, "నిన్న నువ్వే కదా చప్పట్లు కొట్టావు," అంది. మా ఆయన మెల్లగా లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఎప్పుడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. "నన్నూ అలాగే బయటికి పిలిచి అడిగారు సిసి. తెలుసు అన్నాను. నాకప్పటికి అతని గురించి ఏమీ తెలియదు, బాగా మాట్లాడతాడని తప్ప. నాలుగేళ్ళకు విడిపోయాం. తప్పు జవాబు చెప్పాను. కానీ అది నేను చెప్పిన జవాబు. అందుకే మా నాన్ననూ మేనత్తనూ ఇప్పటికీ ప్రేమగా చూడగలుగుతున్నాను."

ఆమె మీద నాకు అంతకు ముందు ఉన్నది ఇష్టం. ఆ క్షణం నుంచి అది గౌరవం. కోపం మాత్రం వెంటనే పోలేదు, ఆ కోపంలోనే అన్నకు ఫోన్ కలిపాను.

"ఎట్లున్నడు?" అన్నాడు మా అన్న.

"మంచిగనే ఉన్నడు. పిల్లకియ్యి ఫోన్."

"ఆమెకెందుకు?"

"ఇయ్యన్నా."

ఫోన్ చేతులు మారింది. "చెప్పు అత్తా," అంది మా మేనకోడలు. ఎలా అడగాలో నాకు తెలియలేదు. మా ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగింది లేదు, నన్నూ అడగలేదు. ఆ నవలలో మాటే నోట్లోంచి వచ్చేసింది.

"పిల్లగాన్ని చూసినం. మంచోడే. నీకు ఆళ్ళు తెలుసా?"

"నాకెట్ల తెలుస్తరు అత్తా. ఫోటో చూపెట్టిండ్రు."

"మరి నీ ఇష్టమేంది?"

ఆమె ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళినట్టుంది. వెనక మా అన్న గొంతు దూరమైంది.

"ఎవలన్న అడుగుతరని నేననుకోలే. ఏం చెప్పాల్నో ఆలోచన జేస్కోలే," అంది. తర్వాత గొంతు కాస్త గట్టిపడింది. "ఒక మాటంట, కోపం జెయ్యకు. అత్త చూసినంక ఇంకేందని నాయిన అంటున్నడు. ఆయన మీ ఇంట్ల రెండు గంటలు కూసున్నడు. నేను నీకు ఎంత తెలుసు అత్తా? నువ్వు దుబాయ్ పోయిననాడు నేను ఆరో తరగతి."

ఆమె కూడా దుబాయ్ అనే అంది. దిద్దే స్థితిలో నేను లేను. నేను నీకు ఎంత తెలుసు అన్న మాట నన్ను గట్టిగా తాకింది. సెలవుల్లో వెళ్ళినప్పుడు బట్టలు, సెంటు సీసాలు ఇచ్చాను, బుగ్గ గిల్లాను, ఎత్తు పెరిగావే అన్నాను. అంతకు మించి ఏం మాట్లాడానో ఎంత వెతికినా గుర్తు రాలేదు. ముందు కోపమొచ్చింది, ఇంత నోరా అని. ఆ వెనకే చెప్పలేనంత మురిపెం వచ్చింది. దుప్పటి కప్పుకున్న ఆ జులు పిల్ల ముందు నిలబడ్డా మా పిల్ల తీసిపోదనిపించింది. కళ్ళు తుడుచుకుంటుంటే మా టీచర్ చూసి, నా కప్పులో టీ పోసింది.

అన్న మళ్ళీ ఫోన్ తీసుకున్నాక చెప్పాను. "ఆమె పిల్లగానితోని మాట్లాడుకోని, ఆలోచన జేస్కోని చెప్తది. అప్పటిదాక నేను ఊ అంటలేను."

మా అన్న అరిచాడు. ఎదుటివాళ్ళకు ఏం చెప్పుకోవాలన్నాడు, దుబాయ్ పోయినంక నీకు తెలివి ఎక్కువైంది అన్నాడు. కానీ నా మాట మీదే ఖాయం చేస్తానని నలుగురిలో చెప్పుకున్నవాడు తనే. ఆ ముడి తనే వేసుకున్నాడు, విప్పుకునే దారి లేదు. అబ్బాయిని అడిగి అతని నంబరు పిల్లకు పంపాను.

తర్వాత కొన్ని వారాలు వాళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నారు. నేను కూడా శుక్రవారం వంట కాగానే మా మేనకోడలికి ఫోన్ చేయటం మొదలెట్టాను. సంబంధం ఊసెత్తకూడదని నోరు కట్టేసుకున్నాను, అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. ఆమె ల్యాబులో ముసలివాళ్ళు వరస దాటి వచ్చి ఆమె చేతే రక్తం తీయించుకుంటారట, సూది దిగినట్టు తెలియదని. పులుపు పడదట. బండి నడపటం వాళ్ళ నాయనకు తెలియకుండా నేర్చుకుందట. ఒకరోజు ఆమే అడిగింది, నీ పెండ్లప్పుడు నీకు ఇష్టమేనా అత్తా అని. నేను నిజమే చెప్పాను, ఏం చెప్పానో ఇక్కడ రాయను. మా ఆయన కూడా ఇది చదువుతాడు.

ఒక మధ్యాహ్నం లైబ్రరీలో ఉండగా ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"మంచోడే అత్తా. నాకు వద్దు."

"ఏమన్న అన్నడా?"

"ఏం అనలే. మంచిగనే మాట్లాడుతడు. ఆయన మాట్లాడుతుంటె ఎప్పుడు పెడ్తడా అని నేను ఫోన్ దిక్కు చూస్త. రోజూ గట్లనే అయితుంది. ఇయ్యాల పొద్దున ఆయనకు నేనే చెప్పిన. నాయినకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?"

"నేను చెప్త," అన్నాను.

అబ్బాయికి ఫోన్ చేశాను. నా మనసుకు అతను నచ్చాడు కాబట్టి నాకే బాధగా ఉంది. "ఆమెనే చెప్పింది అక్కా," అన్నాడు. "బాధ లేదంటె అబద్ధమైతది. ఇంకొకలతోని చెప్పియ్యలే, అది మాత్రం మంచిగనిపిచ్చింది." అతనికి మంచి పిల్ల దొరకాలని నిండు మనసుతో కోరుకున్నాను.

మా టీచర్ పుస్తకం పక్కన పెట్టి నా మొహమే చూస్తోంది. జరిగింది చెప్పాను. ఆమె లేచి నిలబడి, తల పైకెత్తి, నాలుక ఆడిస్తూ ఒక పెద్ద కూత పెట్టింది. వాళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు బయటికి వచ్చినప్పుడు ఆడవాళ్ళు పెట్టే కూత అది. బీరువాల అద్దాలు అదిరాయి. గేటు దగ్గరి గార్డు ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చాడు. నేను అతన్ని పంపించి, ఇది పెళ్ళి తప్పిన వార్త కదా అన్నాను. "అయితే ఏం? పిల్ల బయటికి వచ్చింది," అని ఆమె ఇంకోసారి పెట్టింది. ఈసారి నేను కూడా ప్రయత్నించాను, దగ్గొచ్చింది.

ఆ సాయంత్రం అన్నకు చెప్పాను. "నువ్వు ఆనాడు ఊ అంటె అయిపోతుండె," అన్నాడు. "అవు," అన్నాను. ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు. అది నాకు కష్టంగానే ఉంది, ఒక్కడే అన్న. మా మేనకోడలు మాత్రం వారం తప్పదు. మొన్న ఫోన్ చేసి, ఇంకో సంబంధం వచ్చిందని చెప్పింది.

"ఈసారి నాయిన ముందుగాల నన్నే అడిగిండు అత్తా. అడిగి, మీ అత్తకు చెప్పకు అన్నడు."